ముప్పై ఏడు ఖాళీ గళ్లు

ఆ సోమవారం ఆ ఇంట్లో ఉన్నది నలుగురు పెద్దవాళ్లు, ఒక పసిబిడ్డ.

మేడమీద పనిగదిలో మాస్టారు. ముప్పై ఏళ్లు బడిలో లెక్కలు చెప్పి, ఉద్యోగం అయిపోయాక పెద్దాసుపత్రికి లెక్కలు కట్టిపెడుతున్న మనిషి. కింద వంటింట్లో ఆయన భార్య. వెనక గదిలో తలుపు వేసుకుని నిద్రపోతున్న కోడలు, ఆమె తొమ్మిది నెలల బిడ్డ. ముందు గదిలో భోంచేసి సోఫాలో నడుం వాల్చిన బావమరిది, అంటే మాస్టారి భార్యకు తమ్ముడు. కొడుకు ఉద్యోగం మీద వేరే ఊళ్లో ఉన్నాడు కాబట్టి లెక్కలోకి రాడు. మధ్యాహ్నం మూడూ నలభైకి మాస్టారి భార్య కేక వేసింది. మిగతావాళ్లు వచ్చేసరికి ఆయన మేడమెట్ల కింద తల పగిలి పడి ఉన్నారు. ఒక చెప్పు కాలికి ఉంది. రెండోది ఏడో మెట్టు మీద ఉంది.

చీమ తన నోటు పుస్తకంలో రాసుకున్న మొదటి పేజీ ఇది. చీమ అన్నది ఆమె పేరు కాదు, అడిగినవాళ్లకు కేసులు తేల్చిపెట్టే ఆమెకు స్టేషన్లలో పోలీసులు పెట్టిన పేరు. చక్కెర ఎక్కడ దాచినా పసిగడుతుందని కొందరూ, ఒక్కొక్క గింజే మోస్తుంది గానీ మోసిందాన్ని మళ్లీ కింద పెట్టదని కొందరూ అనేవాళ్లు. నలుగురిలో ఆమెకు గొంతు పెగలదు. కాగితం ముందు కూర్చుంటే మాత్రం ఇల్లు కూలినా లేవదు.

గురువారం రెండింటికి ఆమె ఆ గుమ్మం ఎక్కింది. పిలిపించింది మాస్టారి భార్యే. ఆయన లెక్క తప్పాడని అందరూ అంటున్నారనీ, పోయిన మనిషి లేచొచ్చి జవాబు చెప్పుకోలేడు కదా అనీ ఫోన్లో ఏడ్చింది.

లెక్క సంగతి ఇది. మూర్ఛ జబ్బుకు కొత్తగా వచ్చిన ఒక మాత్రను పన్నెండు కేంద్రాల్లో వెయ్యిన్నీ రెండు వందల ఎనభై నాలుగు మందికి ఇస్తున్నారు. వారానికోసారి అందరి రక్తపరీక్ష కాగితాలూ మాస్టారి దగ్గరికి వస్తాయి. ఆయన వాటన్నిటినీ ఒకే పెద్ద ఫైలుగా ఎక్కించి, మళ్లీ దాన్ని కోడుతో కేంద్రానికొకటి చొప్పున పన్నెండు ఫైళ్లుగా విడగొట్టి పంపుతారు. ఎవరి ఫైలు వాళ్లు చూసుకుని, రక్తం చెడినవాళ్లను ఆ పూటే పిలిపించి మాత్ర మార్చేస్తారు. ఈ వారం పన్నెండు కేంద్రాలూ ఒకటే మాట చెప్పాయి, తమ దగ్గర ఎవరికీ చెడలేదని. ఆసుపత్రి పెద్ద డాక్టరుకు అనుమానమొచ్చి పెద్ద ఫైలు తెరిస్తే చెడినవాళ్లు ముప్పై ఏడుగురు ఉన్నారు. ఆ ముప్పై ఏడు వరసల్లోనూ కేంద్రం అన్న గడి ఖాళీ.

పేర్లు బయటపడకూడదని ఆ ఫైల్లో మనుషులకు నంబర్లే ఉంటాయి. నంబర్లేమో ప్రతి కేంద్రంలోనూ ఒకటి నుంచే మొదలవుతాయి. పద్నాలుగో నంబరు మనిషి పన్నెండు చోట్లా ఉన్నాడు. ఎక్కడి పద్నాలుగో తెలియకపోతే ఆ మనిషి ఉన్నా లేనట్టే. వారం వారం కొందరు మానేస్తూ కొత్తవాళ్లు చేరుతూ ఉంటారు కాబట్టి, ఏ ఫైల్లో ఎవరు తగ్గారో రిజిస్టరు తిరగేస్తే గానీ తేలదు. అందరినీ మానెయ్యమందామా అంటే, మాత్ర సరిపడినవాళ్లు ఉన్నట్టుండి మానితే మూర్ఛ తిరగబెట్టి ప్రాణం మీదికొస్తుందన్నాడు డాక్టరు. పన్నెండు చోట్లా రిజిస్టర్లు తిరగేసి పోల్చాలంటే మూడు రోజులు పడుతుంది. ఏ చోటో తెలిస్తే గంట చాలు. మాస్టారి గదిలో ఈ వారం కాగితాల కట్ట లేదు, పాత వారాల ఫైళ్లన్నీ ఎవరో తుడిచిపెట్టారు. మాత్ర వేసుకునేది రాత్రి ఎనిమిదింటికి. సోమ, మంగళ, బుధ మూడు రాత్రులూ మింగేశారు. ఈ రాత్రిది కూడా పడితే కొందరికి ఇక మందు ఉండదట.

అది విన్నప్పటినుంచీ చీమ నోట్లో చేదు ఊరుతూనే ఉంది. కత్తితో పొడిచిన కేసు చూసింది, విషం పెట్టిన కేసు చూసింది. మనిషి ఎక్కడివాడో తుడిచేసి, తన చేత్తో తనే మింగి చావమని వదిలేసినవాణ్ణి చూడటం ఇదే మొదలు.

మాస్టారి భార్య పొట్టి మనిషి. వంటగట్టు మీది డబ్బా అందుకోవడానికి పీట వేసుకుంటుంది. చీమ చేతికి టీ ఇచ్చి, తలమీద చెయ్యి వేసి, "మొహం చూడు తల్లీ, ఎలా పీక్కుపోయిందో," అంది. చీమ ఫోన్లో ఛార్జి లేదని తనే గమనించి తీసుకెళ్లి ముందు గదిలో తగిలించింది. చీమకు తల్లి లేదు. ఆ చెయ్యి తలమీద ఉన్నంతసేపూ అడగాల్సిన ప్రశ్నలు గుర్తు రాలేదు.

తర్వాత ఒక్కొక్కటే అడిగి రాసుకుంది. సోమవారం మూడుంపావుకు పాలు పట్టుకెళ్లిందట. ఆయన మిషను ముందు కూర్చుని ఉండి, అక్కడ పెట్టమన్నాడట. మూడూ ముప్పై అయిదు దాటాక దబ్బుమని చప్పుడు. అప్పటికి లెక్క పంపేశాడు, తప్పు తెలిసి కంగారుగా దిగబోయి కళ్లు తిరిగి ఉంటాయని ఇన్‌స్పెక్టరు అన్నాడట.

"ఆ మిషను సంగతి నాకేం తెలుసమ్మా? దాన్ని చూస్తేనే నాకు దడ. అది తెలిసింది ఈ ఇంట్లో ఆయనకీ, కోడలికీనే," అంది. కోడలు అన్న మాట దగ్గర గొంతు కొంచెం తగ్గించింది.

బావమరిది ముందు గదిలో కమలాపండు తింటున్నాడు. తొనను నోట్లో పెట్టుకుని, పిక్కలు వేళ్లతో తీసి, ఎదురుగా ఉన్న మాస్టారి లెక్కల పుస్తకం అట్టమీద ఎంగిలి తడితోనే వరసగా పేరుస్తున్నాడు. చీమ చూపు ఆ పిక్కల మీంచి తిప్పుకోలేకపోయింది. ఒంటిగంటకు వచ్చాననీ, తిన్నాక కన్నంటుకుందనీ, అక్క కేక వేస్తే లేచాననీ చెప్పాడు. కేంద్రాలకు మాత్రల పెట్టెలు చేరవేసే పని తనది. ఏయే కేంద్రాలకు అని అడిగితే, ఎక్కడ పిలిస్తే అక్కడికేనన్నాడు. అదే ప్రశ్న రెండోసారి అడిగితే ఇంకో తొన వలిచాడు.

"ఆ రోజు మాస్టారితో ఏమైనా మాట్లాడారా?" అని అడిగింది.

"బావకీ నాకూ మాటలేముంటాయమ్మా? ఆయనవి అంకెలు, నావి అట్టపెట్టెలు." నవ్వి ఇంకో పిక్క పేర్చాడు. "మంచాన పడకుండా పోయాడు. పెట్టి పుట్టాలి."

చీమ లేచి చీర చెంగుతో చేతులు తుడుచుకుంది. ఆమె చేతులకు ఏమీ అంటలేదు. అయినా రెండుసార్లు తుడుచుకుంది.

పనిగదికి కోడలు తీసుకెళ్లింది. గుమ్మంలో తల వంచుకుని రావలసినంత పొడుగు మనిషి. చంకలో బిడ్డ, కళ్లకింద మూడు రోజుల నలుపు. గది తలుపు తీయగానే పులిసిన కంపు గుప్పుమంది. బల్లమీద పాలగ్లాసు. ఏదీ ముట్టుకోవద్దని పోలీసులన్నందుకు మూడు రోజులుగా అక్కడే ఉంది. అంచుదాకా నిండుగా ఉండి, పైన పసుపు తేలిన మందపాటి మీగడ, అందులో సగం దిగబడిన రెండు ఈగలు. ఒకటి ఇంకా కాలు కదుపుతోంది. చీమ ముక్కుకు చెంగు అడ్డం పెట్టుకుని దగ్గరికి వంగింది. గ్లాసుకు జానెడు దూరంలో బల్ల అంచుకు ఒక చీటీ అంటించి ఉంది. ఈ బల్లమీద తడి వస్తువు పెట్టరాదు, అని మాస్టారి చేతిరాత.

"ఈ నియమం ఎవరైనా తప్పేవాళ్లా?"

"మామయ్యగారు ఉండగానా? ఒకసారి మా ఆయన నీళ్లచెంబు పెడితే పదిరోజులు మాట్లాడలేదు," అంది కోడలు.

అంటే మాస్టారు వద్దనలేని స్థితిలో ఉన్నప్పుడు పెట్టిన పాలు అవి. చీమ రాసుకుని వంగి బల్ల కింద చూసింది. కాళ్ల దగ్గర చిన్న పీట ఉంది. కుర్చీ ఎంత పైకి లేస్తుందో అంతా లేపి ఉంది. కొలతపట్టీతో కుర్చీకీ బల్లకీ మధ్య సందు కొలిచింది. ఆరంగుళాలు. మాస్టారు ఆరడుగుల మనిషి. ఆయన ఆ కుర్చీలో కూర్చుంటే తొడలు బల్ల కింద పట్టవు.

కోడలు మిషను తెరిచింది. పన్నెండు ఫైళ్లు, పన్నెండింటికీ వేళలు ఉన్నాయి. మొదటిది మూడూ ఇరవై ఏడు నిమిషాల నాలుగు సెకన్లకు పుట్టింది, ఆఖరిది తొమ్మిది సెకన్లకు. అయిదు సెకన్లలో పన్నెండూ. కోడు ఫైలును ఆఖరిసారి మార్చింది మూడూ ఇరవై అయిదుకు. పంపింది మూడూ ముప్పై ఒకటికి. ఒక్కో ఫైల్లో ఎంతమంది ఉన్నారో కోడలు చదివితే చీమ వరసగా రాసుకుని కూడింది. వెయ్యిన్నీ రెండు వందల నలభై ఏడు. పెద్ద ఫైలుకు సరిగ్గా ముప్పై ఏడు తక్కువ.

ఇది ఎలా జరుగుతుందో తనకు తెలిసేలా చెప్పమని అడిగింది.

కోడలు బిడ్డను భుజం మార్చుకుంది. "తపాలా కచేరీలో ఉత్తరాలు విడదీస్తారు చూడండి, అలాగే. ఈ కోడు ముందు కేంద్రం అన్న వరస మొత్తం చదివి, అందులో ఏయే పేర్లున్నాయో ఒక జాబితా రాసుకుంటుంది. తర్వాత జాబితాలో ఒక్కో పేరే తీసుకుని, ఆ పేరున్న వరసలన్నీ ఏరి ఒక ఫైల్లో పోస్తుంది. ఖాళీ గడి పేరు కాదు కదండీ. జాబితాలోకి ఎక్కదు. దానికి ఫైలు పుట్టదు. మిషను తప్పని కూడా అనదు. ఊరుకుంటుంది."

"ఊరుకుంటుందని మాస్టారికి తెలియదా?"

తెలియకపోవడమేమిటి, ఆ ఇంట్లో అన్నాల దగ్గర అందరూ వందసార్లు విన్న కథ అది. కొత్తలో ఆయన పిల్లల టీకాల లెక్క ఒకటి ఊరికొకటిగా విడగొట్టారట. పద్దెనిమిది మంది పిల్లలకు ఊరి గడి ఖాళీగా ఉండి ఏ ఊరి ఫైల్లోకీ రాలేదు. ఎవరూ వాళ్లను పిలవలేదు. అందులో ఒక పిల్లకు కాలు చచ్చుబడింది. అప్పటినుంచి ఆయన కోడు చివర ఒక లైను పెట్టుకున్నారు. ముక్కల్లోని మనుషుల్ని కూడితే మొత్తం రాకపోతే మిషను ఎర్ర అక్షరాలు చూపించి ఆగిపోతుంది. కోడలు ఆ లైను చూపించింది. దాని ముందు రెండు నిలువు గీతలు, రెండు అడ్డగీతల గుర్తు ఒకటి ఉంది. ఆ గుర్తు ఉన్న లైనును మిషను వదిలేసి ముందుకు పోతుంది.

"మామయ్యగారు పెట్టింది కాదిది," అంది కోడలు. "ఆయన తన కాలైనా నరుక్కుంటారు గానీ ఈ లైను జోలికి రారు."

ఆ లైను ఒక్కటే కాదట ఆయన కాపలా. విడగొట్టాక మేడమెట్ల పైన నిలబడి పన్నెండు అంకెలూ గట్టిగా చదివేవారు. కింద వంటింట్లో అత్తగారు పాత క్యాలెండరు కాగితం వెనక రాసుకుని, పెన్సిలుతో కూడి, మొత్తం కేకేసి చెప్పేది. సరిపోతే ఆయన దిగివచ్చి ఆ కాగితం మీద ఎర్రసిరాతో టిక్కు పెట్టి అప్పుడు పంపేవారు. నేను మిషనుకు తప్పు చెప్పి ఉండొచ్చు గానీ మీ అత్తయ్య కూడిక తప్పదు అనేవారట.

చీమ పెన్ను ఆగింది. "సోమవారం కూడా చదివారా?"

"చదివారండీ. మధ్యాహ్నం పన్నెండు గంటలు కాలేదింకా. బిడ్డకి తినిపిస్తున్నాను, నాకు వినబడింది."

అత్తగారు ఇందాక ఆ ఊసే ఎత్తలేదు. ఆ రోజు లెక్క మూడింటికి గానీ తెమల్లేదని చెప్పింది. అంటే విడగొట్టడం రెండుసార్లు జరిగింది. పన్నెండు గంటల లోపల ఒకసారి సరిగ్గా. మళ్లీ మూడున్నరకు ఖాళీ గళ్లతో, పాతవాటిమీదే కొత్తవి పడేలా.

మరి తుడిచినవాడు ఆ ముప్పై ఏడుగురినీ ఏకంగా ఎందుకు తీసెయ్యలేదు? దానికి కోడలే జవాబు చెప్పింది. మొత్తం ఎంతమందో డాక్టరుకు తెలుసు. ల్యాబు కాగితాలన్నీ ఇటు పంపేసినా, రక్తం చెడినవాళ్లు ఎంతమందో ఒక్క అంకె ఆయనకు విడిగా చెబుతుంది. మనిషిని తీస్తే దొరికిపోతారు, రక్తం మారిస్తే దొరికిపోతారు. మార్చడానికి మిగిలింది ఒక్క గడే, వీళ్లెక్కడివాళ్లు అన్నది.

కోడలు పెద్ద ఫైలు మారిన వేళలు చూపించింది, ముప్పై ఏడు మార్పులు ఒకదాని వెంట ఒకటి, ముందేముందో మాత్రం మిషను దాచుకోదు. ఎవరో ఇక్కడ కూర్చుని, ఒక్కొక్క గడి మీద వేలు పెట్టి, ముప్పై ఏడుసార్లు నొక్కారు. పదో గడి దగ్గరైనా వేలు వణకలేదా?

"బాగుంది. దొంగ చేతికే తాళంచెవి ఇచ్చి పాఠం చెప్పించుకుంటున్నావన్నమాట," అన్న మాట గుమ్మంలోంచి వచ్చింది.

ఇన్‌స్పెక్టరు. మోటారుసైకిలు తాళంచెవి చెవిలో పెట్టి తిప్పుకుంటూ లోపలికి వచ్చాడు. చెవిలోంచి తీసిందాన్ని ఒకసారి చూసుకుని తలుపు చట్రానికి రాశాడు. ఇదివరకు మూడు కేసుల్లో చీమ తేల్చింది తను తేల్చినట్టు రాసుకున్న మనిషి, ఆ మూడింటికీ ఆమెను క్షమించని మనిషి.

అతని లెక్క అతనికి ఉంది. ఇది ప్రమాదం కాదని నిన్ననే అర్థమైందట. కోడు మార్చడం వచ్చింది ఈ ఇంట్లో ఇద్దరికి, ఒకడు చచ్చాడు కాబట్టి మిగిలింది రెండోది. మామగారు ప్రతిదానికీ తప్పులు పట్టేవాడనీ, కోడలు లోలోపల రగిలిపోయేదనీ అత్తగారే కన్నీళ్లతో చెప్పింది. అయిదింటికి ఆడపోలీసులు వస్తారు, తీసుకుపోతారు.

కోడలు గోడకు ఆనుకుంది. బిడ్డ ఆమె జుట్టు పట్టుకుని లాగుతున్నా ఆమెకు తెలియడం లేదు.

"ఈమెను తీసుకుపోతే ఆ ఫైళ్లు చదివేవాళ్లు ఉండరు ఇన్‌స్పెక్టరుగారూ," అంది చీమ. గొంతు సన్నగా వచ్చింది. "ఎనిమిదింటికి ముప్పై ఏడుగురు మాత్ర వేసుకుంటారు."

"ఆ గళ్లు తుడిచిందెవరో వాళ్లే చెప్తారులే, స్టేషన్లో."

"తుడిచింది ఈమె కాదు. కోడు తెలిసినవాళ్లయితే ఒక్క లైను రాస్తే పోయే పని అది. వేళలు చూస్తే కనబడుతోంది, ఒక్కొక్కటే చేత్తో తుడిచారు. పన్నెండు నిమిషాలు పట్టింది. ఇంకోటి. ఈ కుర్చీలో ఈమె కూర్చుంటే మోకాళ్లు బల్లకు కొట్టుకుంటాయి. ఆఖరున కూర్చున్నది పొట్టి మనిషి."

ఇన్‌స్పెక్టరు కుర్చీ వంక చూశాడు. దర్జాగా వచ్చి అందులో కూలబడ్డాడు. కిందున్న పిడి నొక్కాడు. కుర్చీ బుస్సుమంటూ అతని బరువుకు కిందికి దిగిపోయింది. "ఇప్పుడు నాకూ సరిపోయిందిగా. నన్ను కూడా అరెస్టు చేస్తావా చీమమ్మా?"

మూడు రోజులు ఎవరూ ముట్టని సాక్ష్యం మూడు సెకన్లలో పోయింది. చీమ చేతిలో మిగిలింది కొలతపట్టీ అంకె ఒక్కటే. అతను నవ్వు ఆపి, లేచి, వెళ్లబోతూ ఇంకో మాట చెప్పాడు, వాతావరణం గురించి చెప్పినంత తేలిగ్గా. పోస్టుమార్టం కాగితం వచ్చిందట. మెట్లమీంచి పడ్డాక ముసలాయన అరగంటకు పైగా బతికే ఉన్నాడట. అప్పుడే ఆసుపత్రికి తీసుకుపోయి ఉంటే దక్కేవాడట.

"మరి మూడూ ముప్పై అయిదుకు పడితే నలభైకే పోయినట్టెలా అయింది?" అంది చీమ.

ఆ లెక్క అతనికి తట్టలేదని మొహమే చెప్పింది. "అయిదింటిదాకా టైముంది. గింజలు ఏరుకో," అని మెట్లు దిగాడు.

అప్పుడు నాలుగూ ఇరవై.

చీమ చెంగు నోటికి నొక్కుకుని ఒక నిమిషం కిటికీ దగ్గర నిలబడింది. ఆయన మూడూ పదికి ముందే పడ్డాడు. మెట్లకింద మూలుగుతూ ఉండగా, పైన ఈ గదిలో ఒకరు గళ్లు తుడిచారు, ఒకరు లైను మూశారు, ఒకరు పాలగ్లాసు పట్టుకుని ఆయన మీదుగా మెట్లెక్కి వచ్చారు. పాలు ఒలక్కుండా.

పన్నెండు గంటల లోపల మాస్టారి భార్య పన్నెండు అంకెలు రాసుకుంది. ఆ కాగితం దొరికితే ఏ కేంద్రంలో ఎంతమంది తగ్గారో అక్కడే తెలిసిపోతుంది. వంటింట్లో క్యాలెండరు చూసింది. సోమవారం దాకా చించేసి ఉంది. చించిన కాగితాలు ఏం చేస్తారని కోడలిని అడిగితే, అత్తయ్య ఏదీ పారెయ్యదనీ, అన్నీ సామాను గది అరల్లో డబ్బాల కింద పరుస్తుందనీ చెప్పింది.

సామాను గదికి కిటికీ లేదు. ఎలుకలు వంటింట్లోకి రాకుండా తలుపుకు బయటినుంచే గడియ. లోపల దీపం వేస్తే బొద్దింకలు అరల అంచుల్లోకి జరజరా పాకాయి. చీమ పళ్లు బిగించి ఒక్కో డబ్బా ఎత్తింది. నూనె జిడ్డు, ఎలుక పెంటికలు, వాటికింద వారం వారం పన్నెండు అంకెలు, గుండ్రటి చేతిరాత, కింద మొత్తం, పక్కన ఎర్ర టిక్కు. రెండో అరలో ఉప్పుడబ్బా కింద ఉన్న కాగితం మీద అంకెలు లేవు. అదే గుండ్రటి రాతలో మాటలు ఉన్నాయి. ఎవరో చెబుతుంటే ఒకరు గుర్తుకోసం రాసుకున్నవి.

'నిచ్చెన గుర్తు ముందు పెడితే మిషను ఆ లైను చదవదు. మరిచిపోకు. చదవాలంటే తీసెయ్యాలి. ఆయనకు చిన్న అక్షరాలు కనబడ్డం లేదు, నేనే కొట్టాలి. కోడలికి చెప్పొద్దన్నారు.'

చీమ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివింది. కాళ్లకింద పీట, పైకి లేపిన కుర్చీ, దాన్ని చూస్తేనే నాకు దడ అన్న మాట. తలమీద వేసిన చెయ్యి ఎక్కడ ఆనిందో అక్కడ చర్మం మీద ఏదో పాకుతున్నట్టనిపించింది.

సోమవారం కాగితం అడుగు అరలో లేదు, పై అరలో లేదు. అన్నిటికంటే లోపల, శుభ్రంగా తోమిన ఒక కొత్త డబ్బాలో, నాలుగు మడతలు పెట్టి ఒక్కటే ఉంది. పన్నెండు అంకెలు. కింద వెయ్యిన్నీ రెండు వందల ఎనభై నాలుగు. పక్కన ఎర్ర టిక్కు. చీమ తన నోటు పుస్తకం పక్కన పెట్టి వేలు వెంబడి దిగింది. ఆరు దాకా ఒకటే. ఏడో కేంద్రం కాగితంలో నూట పద్దెనిమిది, ఫైల్లో తొంభై ఆరు. ఎనిమిది ఒకటే. తొమ్మిది కాగితంలో తొంభై నాలుగు, ఫైల్లో డెబ్భై తొమ్మిది. మిగతావన్నీ ఒకటే. ఇరవై రెండూ పదిహేనూ. ముప్పై ఏడు.

"అది ఇలా ఇవ్వు తల్లీ."

మాస్టారి భార్య గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో చప్పుడు లేదు. కళ్లు తడిగా ఉన్నాయి, చెయ్యి చాచి ఉంది.

"ఎందుకు కాల్చెయ్యలేదు?" అంది చీమ.

"పొయ్యి దాకా తీసుకెళ్లాను. చేతులు రాలేదు." ఆవిడ కాగితం వంకే చూస్తోంది. "ఆ టిక్కు ఆయన చేత్తో పెట్టిన ఆఖరు గీత."

తర్వాత అడక్కుండానే అంతా చెప్పింది, పప్పులు చెరుగుతూ ఊసులాడినట్టు, నెమ్మదిగా. ఏడూ తొమ్మిదీ తమ్ముడివే. తడిసి బూజుపట్టిన మాత్రలను ఆరబెట్టి, తుడిచి, మళ్లీ పెట్టెల్లో సర్ది ఆ రెండు చోట్లకీ చేర్చాడు. చెడిన రక్తమంతా ఆ రెండింట్లోనే ఉందని మాస్టారు కనిపెట్టి, ఫైళ్లు పంపకుండా ఆపి, పరాయివాళ్లకు చెప్పేముందు ఇంటివాణ్ణి పిలిచి అడుగుదామనుకున్నాడు. కాగితాల కట్ట దగ్గర పెనుగులాట అయింది, మెట్ల పైన. గళ్లు తుడిచింది తమ్ముడు. ఎర్ర అక్షరాలు వచ్చి మిషను ఆగిపోయేసరికి బిక్కచచ్చి వచ్చి అక్క కాళ్లు పట్టుకున్నాడు. ఆ గుర్తు పెట్టింది ఆవిడ. పాలు పెట్టింది ఆవిడ.

"వాడు నా చేతుల్లో పెరిగాడమ్మా. మా అమ్మ పోయేటప్పటికి వాడికి రెండేళ్లు."

"మరి నన్నెందుకు పిలిచారు?"

"మొగుడి పేరు పోకూడదు. తమ్ముడి ప్రాణం పోకూడదు." చెంగుతో కళ్లు ఒత్తుకుంది. "ఇంక మిగిలింది కోడలేగా. నువ్వు తెలివైనదానివి, తొందరగా తేలుస్తావనుకున్నాను."

తాగిన టీ చీమ గొంతుదాకా వచ్చింది. మింగింది. ఇప్పుడు అసహ్యించుకునే తీరిక లేదని తనకు తనే చెప్పుకుంది. ఫోను ముందు గదిలో ఉంది. తమ్ముడూ ముందు గదిలోనే ఉన్నాడు.

"అమ్మా, మిగతావన్నీ తర్వాత. ఏడూ తొమ్మిదీ అని డాక్టరుకు ఒక్క ఫోను చెయ్యండి. గంటలో వాళ్లను వెతికి పట్టుకుంటారు. మీ ఆయన ఆ పిల్ల కాలు తలుచుకుని ఇన్నేళ్లూ అన్నం సరిగ్గా తినలేదట. ఇప్పుడు ఆయన పేరు మీద ముప్పై ఏడుగురు పోతారు."

ఆవిడ కదల్లేదు. పెదవులు మాత్రం ఏవో అంకెలు కూడుతున్నట్టు కదిలాయి.

చీమ ఆ మాట అనకూడదనుకుంది. అయినా అనేసింది. "మీరు ఆ గుర్తు పెడుతున్నప్పుడు ఆయన బతికే ఉన్నారు. పడ్డాక అరగంట ఉన్నారట. పోస్టుమార్టంలో రాశారు."

మాస్టారి భార్య తలుపు చట్రం పట్టుకుంది. కొత్త డబ్బా మూత చీమ కాలి దగ్గర పడి ఉంటే వంగి తీసి, చెంగుతో తుడిచి, అర మీద పెట్టింది. లేచేసరికి ఆ మొహంలో ఏడుపు లేదు. తుడిచేసిన గడిలా ఉంది.

"వాడు పోయారని చెప్పాడు," అంది మెల్లగా. "పోయారనే చెప్పాడు."

"ఇప్పుడైనా..."

"ఎంచుకోవడం అయిపోయింది తల్లీ. రెండుసార్లు ఎంచుకోలేను."

వంటింటి అవతల చెప్పుల చప్పుడు, దాంతోపాటు కమలాపండు వాసన. బావమరిది గొంతు దగ్గరికొచ్చింది. "ఎవరితోనక్కా మాట్లాడుతున్నావు? లోపల ఎవరు?"

చీమ కాగితం పిడికిట్లో బిగించి గుమ్మం వైపు ఒక్క అంగ వేసింది.

"ఎవరూ లేరురా," అంటూ ఆవిడ తలుపు మూసి గడియ పెట్టింది.